గురజాల ఎమ్మెల్యే శీతాకాల నివేదిక: ఏ పని ఏ ఆఫీసుది, ముస్లిం కుటుంబాలు ఏం చూసుకోవాలి

డిసెంబర్, జనవరి వచ్చాయంటే ఎమ్మెల్యేల పర్యటనలు, సభలు, ప్రెస్‌మీట్లు పెరుగుతాయి. పింఛన్ల పంపిణీ, సీఎం సహాయనిధి చెక్కులు, రోడ్లకు శంకుస్థాపన, తాగునీటిపై సమీక్ష, ఆసుపత్రి సందర్శన, మధ్యలో మస్జిద్ కమిటీ పెద్దలతో ఒక సమావేశం జరుగుతాయి. వాటి ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయి. అందులో చెప్పిన ఒక్కో మాటకు వెనుక ఏ శాఖ ఉంది, ఆ పని తన ఇంటిదాకా రావాలంటే ఏ కాగితం కావాలి అన్నది మాత్రం చాలా కుటుంబాలకు తెలియదు. గురజాల నియోజకవర్గాన్ని దృష్టిలో పెట్టుకుని ఆ వివరాలు ఇక్కడ ఒకచోట ఇస్తున్నాం.

నియోజకవర్గం సంగతి ముందు. గురజాల, దాచేపల్లి, పిడుగురాళ్ల, మాచవరం మండలాలు కలిస్తే గురజాల అసెంబ్లీ నియోజకవర్గం. లోక్‌సభకు వస్తే ఇది నరసరావుపేట కిందకు వస్తుంది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడినప్పటి నుంచి కలెక్టరేట్ నరసరావుపేటలో ఉంది. ఆర్డీఓ ఆఫీసు మాత్రం గురజాలలోనే ఉంది. పాత గుంటూరు జిల్లా రోజుల్లో కలెక్టర్‌కు అర్జీ పెట్టాలంటే గుంటూరు దాకా పోవాల్సి వచ్చేది. ఆ దూరం ఇప్పుడు తగ్గింది. పల్నాటి యుద్ధం కథలో నలగామరాజు రాజధాని ఈ గురజాలే. నాగమ్మ, బ్రహ్మనాయుడు పేర్లు ఇక్కడి రాజకీయ ఉపన్యాసాల్లో ఇప్పటికీ వినిపిస్తాయి, అవసరం ఉన్నా లేకున్నా.

ప్రస్తుత ఎమ్మెల్యే యరపతినేని శ్రీనివాసరావు, తెలుగుదేశం. 1994, 2009, 2014లో గెలిచి, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి కాసు మహేష్‌రెడ్డి చేతిలో ఓడి, 2024లో మళ్లీ గెలిచారు. 1999, 2004లో ఈ సీటు కాంగ్రెస్ తరఫున జంగా కృష్ణమూర్తిది. పార్టీలు మారినా ఎమ్మెల్యే చేతిలో ఉండే అధికారం పెద్దగా మారదు. చాలామంది అనుకునేదానికంటే అది తక్కువే.

ఎమ్మెల్యే శాసనసభ్యుడు. సభలో ప్రశ్న అడగగలరు, బిల్లుపై ఓటు వేయగలరు, మంత్రి దగ్గరకు ఫైలు పట్టుకెళ్లగలరు. పింఛను మంజూరు చేసే సంతకం ఆయనది కాదు. రేషన్ కార్డు ఇచ్చేది తహశీల్దార్ వ్యవస్థ, కుల ధ్రువపత్రం ఇచ్చేదీ అదే. జనన ధ్రువపత్రం పంచాయతీ లేదా మున్సిపాలిటీ పని. ఎమ్మెల్యే చెబితే పని త్వరగా కదులుతుంది, అది నిజమే. కానీ కాగితంలో తప్పు ఉంటే ఆయన చెప్పినా కదలదు. రాజ్యాంగం 174వ అధికరణ ప్రకారం రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు దాటకూడదు. ఆ లెక్కన ఏటా సాధారణంగా శీతాకాలంలో ఒకసారి సభ కూర్చుంటుంది. కొన్నేళ్లు ఆ లెక్కా తారుమారవుతుంది. 2024లో ఎన్నికల తర్వాత పూర్తి బడ్జెట్టే నవంబర్ 11న పెట్టారు. మన ఊరి సమస్య సభలో ప్రశ్నగా రావాలంటే సమావేశాలకు ముందే ఎమ్మెల్యే ఆఫీసుకు రాతపూర్వకంగా ఇవ్వాలి. సభలు మొదలయ్యాక ఇస్తే ఆ విడతలో వచ్చే అవకాశం తక్కువ.

నివేదికలో మొదట వినిపించేది పింఛన్లే. 2024 జులై 1 నుంచి ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధులకు, వితంతువులకు నెలకు 4,000 రూపాయలు, దివ్యాంగులకు 6,000, మంచానికే పరిమితమైన పక్షవాత రోగుల్లాంటి వారికి 15,000 ఇస్తున్నారు. నెల ఒకటో తేదీన సచివాలయ సిబ్బంది ఇంటికే తెచ్చిస్తారు. ఒకటో తేదీ సెలవు రోజైతే ముందురోజే ఇస్తారు. పింఛనుదారు ఊళ్లో లేక ఒక నెల తీసుకోలేకపోతే ఆ డబ్బు పోయినట్టు కాదు, తర్వాతి నెల కలిపి తీసుకోవచ్చు. అయితే వరుసగా మూడు నెలలు తీసుకోకపోతే ఇబ్బంది వస్తుంది. హైదరాబాద్‌లో కూతురి దగ్గర శీతాకాలం గడిపి వచ్చే అమ్మీజాన్‌లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. పింఛను తీసుకుంటున్న భర్త ఇంతకాల్ చేస్తే భార్యకు వితంతు పింఛను ఇచ్చే ఏర్పాటు 2024 నవంబర్ నుంచి ఉంది. దానికి మరణ ధ్రువపత్రం కావాలి. ఇద్దత్‌లో ఉన్న మహిళ ఆఫీసుల చుట్టూ తిరగలేదు. కొడుకో, తమ్ముడో కాగితాలు సచివాలయంలో ఇస్తే సరిపోతుంది. వేలిముద్ర కోసం సిబ్బందినే ఇంటికి రమ్మని అడగవచ్చు.

ఇక అసలు చిక్కు పేర్ల దగ్గర. పల్నాడులో ముస్లిం కుటుంబాల దరఖాస్తులు తిరిగి వచ్చేది చాలాసార్లు అర్హత లేక కాదు, పేరు కలవక. ఆధార్‌లో 'షేక్' అని పూర్తిగా ఉంటుంది, రేషన్ కార్డులో 'ఎస్‌కే' అని రెండక్షరాలే ఉంటాయి, బ్యాంకు పాస్‌బుక్‌లో అది పేరు చివరకు వెళ్తుంది. 'మహమ్మద్' ఒకచోట 'ఎండీ', ఇంకోచోట 'మొహమ్మద్'. ఆడవాళ్ల పేర్లైతే ఇంకా కష్టం. పెళ్లికి ముందు 'బీ', పెళ్లి తర్వాత 'బేగం', ఓటరు కార్డులో రెండూ లేకుండా మొదటి పేరు మాత్రమే ఉంటుంది. మనిషికి ఇదంతా ఒకటే పేరు, కంప్యూటర్‌కు నాలుగు పేర్లు. తల్లికి వందనం, గ్యాస్ సబ్సిడీ లాంటివి ఆధార్‌తో ముడిపడిన బ్యాంకు ఖాతాకే వస్తాయి కాబట్టి ఒక్క అక్షరం తేడా అయినా డబ్బు ఆగుతుంది. తప్పు ఎవరో గుమాస్తా చేసి ఉంటాడు. దాన్ని సరిచేయించుకునే తిరుగుడు మాత్రం కుటుంబానిదే.

కొత్త పథకం ప్రకటించాక పరుగెత్తడం కంటే చలికాలంలో పొలం పని కాస్త తెరిపిచ్చిన రోజుల్లో ఒకసారి కూర్చుని ఇంట్లో అందరి కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడటం మేలు. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లు మాత్రమే మార్చనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. అందుకే ముందు ఏ స్పెల్లింగ్ ఉంచుకోవాలో తేల్చుకోవాలి. సాధారణంగా పదో తరగతి మార్కుల లిస్టులో ఉన్న పేరునే ఆధారంగా పెట్టుకుని మిగతావన్నీ దానికి సరిచేస్తే పిల్లల పాస్‌పోర్టు, గల్ఫ్ వీసా, ఉద్యోగం అన్నింటికీ ఒకటే నడుస్తుంది. చదువుకోని పెద్దవాళ్లకు ఆధార్‌లో ఉన్నదే ఆధారం. పిల్లలకు అయిదేళ్లప్పుడు, పదిహేనేళ్లప్పుడు వేలిముద్రలు, కంటిపాప వివరాలు మళ్లీ ఇవ్వాలి. అది మరిచిపోయినవాళ్లకు పరీక్ష ఫీజు కట్టేటప్పుడో, ప్రవేశ పరీక్షల దరఖాస్తప్పుడో అడ్డం పడుతుంది.

జనన ధ్రువపత్రం విలువ ఇంకా పెరిగింది. 2023లో సవరించిన జనన మరణాల నమోదు చట్టం ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీన, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేర్పించడానికి, పాస్‌పోర్టుకు, ఓటు హక్కుకు పుట్టిన తేదీ రుజువు ఇదొక్కటే. 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము లేదు. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ స్థాయి ఉత్తర్వు కావాలి. ఆసుపత్రిలో కాన్పు అయితే వివరాలు వాళ్లే పంపుతారు. కానీ బిడ్డ పేరు రాయించకుండా వదిలేస్తారు, అకీకా నాటికి పేరు పెడదామని. ఆ ఖాళీ అలాగే ఉండిపోతుంది. అకీకా అయిన వారంలోనే పేరు చేర్పించుకోవాలి, అప్పుడే 'షేక్' ముందుండాలా వెనుకుండాలా కూడా తేల్చుకోవాలి.

రిజర్వేషన్ల విషయంలో గందరగోళం తక్కువేం లేదు. 2007 చట్టం ప్రకారం బీసీ-ఈ కింద ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు 4 శాతం ఉంది. ఆ జాబితాలో షేక్ వర్గం ఉంది. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటివారు లేరు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది, అదే ఏడాది మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది, ఆ ఉత్తర్వు మీదే ఇప్పటిదాకా నడుస్తోంది. దూదేకుల, నూర్‌బాషా, లద్దాఫ్, పింజారి వారిది వేరే లెక్క. వారు బీసీ-బీలో ఉన్నారు, అక్కడ 10 శాతం. దూదేకుల ఇళ్లలోనూ పేరు ముందు 'షేక్' రాసుకునేవారు చాలామంది ఉన్నారు. అప్పుడు అన్నకు బీసీ-బీ, చెల్లెలికి బీసీ-ఈ పత్రం వచ్చిన ఇళ్లుంటాయి. ఒకే ఇంట్లో రెండు కులాలు రాస్తే కౌన్సెలింగ్ రోజున ధ్రువపత్రాల పరిశీలనలో సీటు పోయే ప్రమాదం ఉంది. తండ్రి పత్రం ఏదో చూసుకుని పిల్లలందరికీ అదే తీయించాలి. సయ్యద్, పఠాన్ కుటుంబాలకు ఏటా 8 లక్షల రూపాయల లోపు ఆదాయం ఉంటే ఈడబ్ల్యూఎస్ పత్రం తీసుకునే దారి ఉంది. రాష్ట్ర బీసీ జాబితా, కేంద్ర ఓబీసీ జాబితా ఒకటి కావన్నది కూడా గుర్తుంచుకోవాలి. కేంద్ర ఉద్యోగానికి దరఖాస్తు చేసే ముందు తమ పేరు కేంద్ర జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి.

వైద్యం మాటకొస్తే నియోజకవర్గంలో అందరూ అడిగేది పిడుగురాళ్ల మెడికల్ కాలేజీ గురించే. 2021 మే 31న అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి ఒకేసారి 14 కాలేజీలకు వర్చువల్‌గా శంకుస్థాపన చేశారు, అందులో పిడుగురాళ్ల ఉంది. కేంద్రం వాటా పెట్టే పథకంలో మచిలీపట్నం, పాడేరుతో పాటు మంజూరైన కాలేజీ ఇది. ఆ రెండింటిలో తరగతులు మొదలయ్యాయి, పిడుగురాళ్ల వెనుకబడిపోయింది. 2025 సెప్టెంబర్‌లో రాష్ట్ర మంత్రివర్గం పది కాలేజీలను ప్రైవేటు భాగస్వామ్యంతో నడపాలని నిర్ణయించినప్పుడు ఆ పదింటిలో పిడుగురాళ్ల పేరు లేదు. కాబట్టి ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ప్రైవేటుకు ఇస్తారా లేదా అన్నది కాదు, పని ఎప్పటికి పూర్తవుతుంది, ఆసుపత్రి పడకలు ఎప్పుడు తెరుస్తారు అన్నది. సభలో ఎమ్మెల్యే లేవనెత్తదగ్గ ప్రశ్న ఇంతకంటే పెద్దది ఈ నియోజకవర్గంలో మరొకటి లేదు. ఎందుకంటే ఇప్పటికీ గుండెనొప్పి వస్తే గుంటూరో, నరసరావుపేటో పరుగెత్తాలి.

ఈలోగా జబ్బు చేసిన ఇంటికి రెండు దారులు. ఒకటి ఎన్టీఆర్ వైద్యసేవ, పాత ఆరోగ్యశ్రీ. నెట్‌వర్క్ ఆసుపత్రిలో అడుగు పెట్టగానే వైద్యమిత్ర బల్ల దగ్గర అడగాలి, అడ్వాన్స్ కట్టాక కాదు. 2025 అక్టోబర్‌లో బకాయిల కోసం నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపిన రోజులూ ఉన్నాయి కనుక వెళ్లేముందు 104కు ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది. రెండోది సీఎం సహాయనిధి. ఎమ్మెల్యే ఆఫీసు నిజంగా ఉపయోగపడేది ఇక్కడే. అసలు బిల్లులు, డిశ్చార్జి కాగితం, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ నకళ్లతో దరఖాస్తు ఇస్తే ఎమ్మెల్యే సిఫారసు లేఖతో అమరావతికి పంపుతారు. ఎంత ఇవ్వాలన్నది అక్కడే తేలుతుంది. అసలు బిల్లులు పంపే ముందు జిరాక్స్ తీసి ఉంచుకోవాలి. ఈ పనికి ఎవరికీ కమీషన్ ఇవ్వాల్సిన అవసరం లేదు. మస్జిద్ దగ్గరో, టీకొట్టు దగ్గరో 'చెక్కు నేను తెప్పిస్తా' అనేవాళ్లకు అసలు బిల్లులు అప్పగించి పోగొట్టుకోవద్దు.

తాగునీటిని శీతాకాలంలో ఎవరూ పట్టించుకోరు. ఏప్రిల్‌లో ట్యాంకర్ల దగ్గర బిందెలు పెట్టి కొట్లాడుకునే నీళ్ల సంగతి తేలేది నిజానికి ఇప్పుడే. ఒకవైపు కృష్ణా నది, ఇంకోవైపు నాగార్జునసాగర్ కుడి కాలువ ఉన్నా పల్నాడు ఊళ్లకు వేసవిలో నీటి కటకట తప్పదు. కాలువ కట్టేసేలోపు ఊరి చెరువు నింపుకోవాలి. నింపారా లేదా అన్నది జనవరి, ఫిబ్రవరిలోనే సర్పంచ్‌ను, కమిషనర్‌ను అడగాలి. 2024 జులైలో పిడుగురాళ్లలో డయేరియా ప్రబలి జనం ఆసుపత్రుల పాలైన సంగతి ఎవరూ మరవలేదు. మురుగు కాలువలో నుంచి వెళ్లే పైపు పగిలితే ఆ నీళ్లే ఇంటికి వస్తాయి. మస్జిద్ వజూఖానా ట్యాంకు, మదర్సా పిల్లలు తాగే ట్యాంకు ఎప్పుడు కడిగారో కమిటీ రాసి పెట్టుకోవడం పెద్ద ఖర్చు పని కాదు.

గురజాల, దాచేపల్లి పట్టణాల్లో ఉన్నవారికి ఇంకో మాట. ఈ రెండూ నగర పంచాయతీలు. వీటికి 2021 నవంబర్‌లో ఎన్నికలు జరిగాయి. వీధిదీపం, డ్రైనేజీ, ఖబరస్తాన్‌కు వెళ్లే దారి లాంటి పనులకు వార్డు కౌన్సిలర్, కమిషనర్ జవాబుదారులు. ఎమ్మెల్యే అక్కడ ఎక్స్ అఫీషియో సభ్యుడు. పిడుగురాళ్ల మున్సిపాలిటీలోనూ అంతే.

మహిళలకు రెండు వాడుక విషయాలు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది, గుర్తింపు కార్డు చూపాలి. నరసరావుపేట కలెక్టరేట్‌కో, గుంటూరు ఆసుపత్రికో పోవడానికి ఛార్జీ లేదు. అయితే పొందుగల దాటి మిర్యాలగూడ, హైదరాబాద్ వైపు వెళ్లే అంతర్రాష్ట్ర బస్సుల్లో ఇది వర్తించదు. దీపం-2 కింద ఏడాదికి మూడు గ్యాస్ సిలిండర్లు ఉచితం, నాలుగు నెలలకు ఒకటి. డిసెంబర్ నుంచి మార్చిలోపు బుక్ చేసుకోకపోతే ఆ విడత పోయినట్టే. రంజాన్ వంటలకు ఉంటుందిలే అని దాచుకుని మార్చి దాటించుకోవద్దు.

మస్జిద్‌ల విషయానికి వస్తే పేష్ ఇమామ్‌కు నెలకు 10,000, మౌజన్‌కు 5,000 రూపాయల గౌరవ వేతనం ప్రభుత్వం ఇస్తోంది. నెలల తరబడి బకాయి పడి విడతలుగా విడుదలైన సందర్భాలున్నాయి. శీతాకాల సమావేశాల్లో అడగాల్సిన సంగతి ఇది. మైనారిటీ సంక్షేమ మంత్రి ఎన్‌ఎండీ ఫరూక్‌కు ఎమ్మెల్యే ద్వారా వినతిపత్రం ఇస్తే దానికి నంబరు వస్తుంది, మాటతో చెబితే రాదు.

అంతకంటే పెద్దది వక్ఫ్ ఆస్తుల నమోదు. 2025 వక్ఫ్ సవరణ చట్టం కింద ఉమీద్ పోర్టల్ జూన్ 6న తెరిచారు, ఆరు నెలల గడువు పెట్టారు. సెప్టెంబర్ 15న సుప్రీంకోర్టు చట్టంలోని కొన్ని నిబంధనలను నిలిపింది కానీ నమోదును ఆపలేదు. డిసెంబర్ 1న గడువు పొడిగించడానికీ ఒప్పుకోలేదు, కావాల్సినవాళ్లు ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చంది. పల్లెటూళ్లలో చిన్న మస్జిద్, అర ఎకరం ఖబరస్తాన్, పాత ఆషుర్‌ఖానా ఉన్న చోట ముతవల్లీ పెద్దాయన ఉంటారు, ఆయన దగ్గర ఒక పాత కాగితం ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. పోర్టల్‌లో ముతవల్లీ వివరాలు ఎక్కించాలి, వక్ఫ్ బోర్డు చూడాలి, ఆపై అధికారి ఆమోదించాలి. మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయిన ఆస్తులు ఏవో ప్రతి జమాత్ తేల్చుకోవాలి. సర్వే నంబరు, అడంగల్, పాత గెజిట్ పేజీ వెతికి పెట్టుకుని వక్ఫ్ బోర్డు జిల్లా ఇన్‌స్పెక్టర్‌ను కలవాలి. ఊళ్లో కంప్యూటర్ తెలిసిన కుర్రాళ్లున్నారు. జుమా తర్వాత ఒక గంట ముతవల్లీ పక్కన కూర్చుంటే సగం పని అవుతుంది.

అర్జీ ఎక్కడ ఇవ్వాలి అన్నది చివరి సంగతి. ప్రతి సోమవారం నరసరావుపేట కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది. ఇచ్చిన అర్జీకి రసీదు తీసుకోవాలి. అంత దూరం పోలేనివారు 1100కు ఫోన్ చేయవచ్చు. 2025 జనవరి 30న మొదలైన మన మిత్ర వాట్సాప్ నంబరు 9552300009లో ధ్రువపత్రాలకు దరఖాస్తు చేసుకోవచ్చు, ఫిర్యాదులూ ఇవ్వవచ్చు. 2022 సవరణతో ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష అయింది, కాబట్టి తెలుగు రాయడం రాని పెద్దలు ఉర్దూలో అర్జీ రాయడానికి వెనకాడక్కర్లేదు. పని త్వరగా కావాలనుకుంటే తెలుగు ప్రతి ఒకటి జత చేయడం మేలు.

ఓటరు జాబితా సవరణ కూడా ఎక్కువగా ఈ చలికాలంలోనే నడుస్తుంది. జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1 నాటికి 18 నిండినవారు ఫారం 6తో చేరవచ్చు. పేరు తప్పు ఉన్నా, ఇల్లు మారినా ఫారం 8 ఇవ్వాలి. కోడలిగా వచ్చిన అమ్మాయి ఓటు పుట్టింటి ఊళ్లోనే ఉండిపోవడం, ఆ ఊళ్లో 'ఇక్కడ లేదు' అని తీసేయడం చాలా ఇళ్లలో జరిగేదే. బీఎల్ఓ ఇంటికి వచ్చినప్పుడు మగవాళ్లు లేరని తిప్పి పంపకుండా, ఇంట్లో ఉన్నవాళ్లే కార్డులు చూపించి పేర్లు సరిచూసుకోవాలి.